ముక్కలుగా వచ్చే జవాబు, తెర మీద కార్డు: పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఏఐ ఏజెంటు (భాషా మోడల్ సాయంతో జవాబిచ్చే, పనులు చేసే ప్రోగ్రాం) జవాబు తయారవుతుండగానే దాన్ని ఉత్త పేరాలుగా కాకుండా ధరల కార్డు, పట్టిక, ఫారం లాంటి కాంపొనెంట్లుగా బ్రౌజర్‌లో చూపించడం ఎలా అన్నదే ఆ విషయం. రాసినవాళ్లంతా రాయగడ నుంచి సిరొంచ దాకా రాష్ట్రం గీతకు అవతల ఉన్న మనవాళ్లే. పేర్లు వేయకుండా ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

పర్లాకిమిడి నుంచి: జీడిపప్పు, చింతపండు టోకు వ్యాపారి ఒకాయనకు ఏజెంటు కడుతున్నాం. మోడల్‌నే హెచ్‌టీఎంఎల్ రాయమంటే చక్కగా రాస్తోంది. వచ్చింది వచ్చినట్టు ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో (పేజీలోకి హెచ్‌టీఎంఎల్‌ను నేరుగా చొప్పించే మార్గం) పోసేస్తే సరిపోదా? కాంపొనెంట్లు విడిగా కట్టడం ఎందుకు?

డెమో వరకు సరిపోతుంది. వ్యాపారి చేతికిచ్చాక సరిపోదు. ముందు భద్రత సంగతి చూడండి. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో చొప్పించిన స్క్రిప్ట్ ట్యాగు నడవదు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది నడవని మాట నిజమే. కానీ ఇమేజ్ ట్యాగులో ఆన్‌ఎర్రర్ అని ఒక్క ముక్క ఉంటే చాలు, బొమ్మ దొరకని మరుక్షణం అందులోని కోడ్ నడుస్తుంది. మీ ఏజెంటు చదివే సరుకంతా మీరు రాసింది కాదు. బయటివాళ్లు పంపిన కొటేషన్లు, మెసేజీలు, పీడీఎఫ్‌లు ఉంటాయి. అందులో తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో ‘ఈ బొమ్మను జవాబులో చేర్చు’ అని ఎవరైనా రాసిపెడితే మోడల్ నమ్మి చేర్చేయగలదు. కోడ్ దాకా పోనక్కర్లేదు. బొమ్మ అడ్రసు చివర మీ ఖాతాదారు వివరాలు అంటించి పిలిపిస్తే అవి బయటి సర్వర్ లాగ్‌లో పడిపోతాయి. మార్క్‌డౌన్ బొమ్మలకూ ఇదే ముప్పు ఉంది. సీఎస్‌పీలో (ఏది ఎక్కడినుంచి తెచ్చుకోవచ్చో బ్రౌజర్‌కు చెప్పే నియమాల పట్టీ) ఇమేజ్-సోర్స్‌ను మీ డొమైన్‌కే కట్టేయండి.

సగం వచ్చిన ట్యాగు ఇంకో తలనొప్పి. టేబుల్ తెరుచుకుని ఇంకా మూసుకోలేదు, ఈలోగా ప్రతి ముక్కకూ మీరు ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌ మళ్లీ రాస్తున్నారు. బ్రౌజర్ తనకు తోచినట్టు మూస్తూ, కూలుస్తూ, మళ్లీ కడుతూ ఉంటుంది. తెర గంతులేస్తుంది.

అందుకే తీగ మీద సమాచారం మాత్రమే రావాలి. రూపం ముందుగానే బ్రౌజర్‌లో సిద్ధంగా ఉండాలి. మోడల్‌కు కాంపొనెంట్లను టూల్స్‌గా (మోడల్ పేరు పెట్టి పిలవగల పనులుగా) ఇవ్వండి: ధర_కార్డు, పోలిక_పట్టిక, ఆర్డర్_ఫారం. ఒక్కోదానికి ఒక స్కీమా (ఏ గడిలో ఏ రకం విలువ ఉండాలో చెప్పే నమూనా) రాయండి, జోడ్ లైబ్రరీతో రాస్తే సులువు. సర్వర్ నుంచి ఐదు రకాల ఈవెంట్లు చాలు: మాట ముక్క, కాంపొనెంట్ మొదలు (ఐడీ, పేరుతో), డేటా, ముగింపు, తప్పు. ‘మొదలు’ రాగానే బ్రౌజర్ ఆ పేరు తన జాబితాలో ఉందో లేదో చూసి ఖాళీ చట్రం వేస్తుంది. డేటా వచ్చాక స్కీమాతో సరిచూసి నింపుతుంది. పేరు జాబితాలో లేకపోయినా, డేటా స్కీమాకు పొసగకపోయినా ఆ సమాచారాన్నే మామూలు వచనంగా చూపించండి. ఒక కార్డు తప్పినంత మాత్రాన తెర మొత్తం తెల్లబోకూడదు.

ఐదారు కాంపొనెంట్లతో మొదలుపెట్టండి. ఇరవై ఇస్తే ధర_కార్డుకూ ధర_పట్టికకూ తేడా మోడల్‌కే కాదు, ఆర్నెల్ల తర్వాత మీకూ గుర్తుండదు.

మోడల్ రాసిన హెచ్‌టీఎంఎల్ తప్పనిసరి అయితే ఐఫ్రేమ్‌లో (పేజీలో ఇంకో పేజీని చూపే పెట్టె), శాండ్‌బాక్స్ (ఆ లోపలి పేజీకి కట్టడి) పెట్టి, అలౌ-స్క్రిప్ట్స్ ఒక్కటే ఇవ్వండి. దానికి అలౌ-సేమ్-ఒరిజిన్ కలిపారా, లోపలి పేజీ మీ డొమైన్‌దే అయినప్పుడు అందులోని స్క్రిప్ట్ ఆ శాండ్‌బాక్స్‌ను తానే పీకేయగలదు.

రాయగడ నుంచి: ల్యాప్‌టాప్‌లో మాట తర్వాత మాట, కార్డు తర్వాత కార్డు నిమ్మళంగా వస్తున్నాయి. సర్వర్ మీద పెట్టాక ఇరవై సెకన్లు ఏమీ రాదు, తర్వాత అంతా ఒక్కసారే కుమ్మరిస్తోంది. హోస్టింగ్ వాళ్లు మా తప్పేమీ లేదంటున్నారు.

దారిలో ఎవరో బిందె నిండేదాకా పట్టి అప్పుడు ఒంపుతున్నారు. ఆ ఎవరో తెలియాలంటే మూడు చోట్ల కొలవాలి. ముందు సర్వర్‌లోకి లాగిన్ అయి, యాప్ నడిచే పోర్టుకే (3000 అనుకుందాం) కర్ల్ (కమాండ్ లైను నుంచి వెబ్ అభ్యర్థన పంపే సాధనం) కొట్టండి. క్యాపిటల్ ఎన్ ఆప్షన్ మరవకండి, అది లేకపోతే కర్ల్ తానే బఫర్ చేసి (ముక్కల్ని పోగేసి ఉంచి) మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. తర్వాత అదే సర్వర్ నుంచి ఎన్‌జిన్‌ఎక్స్ (యాప్ ముందు నిలబడే వెబ్ సర్వర్) ద్వారా కొట్టండి. చివరగా మీ ఇంటి నుంచి డొమైన్ పేరుతో. ముద్దగా రావడం ఎక్కడ మొదలైతే దొంగ అక్కడే ఉన్నాడు.

మొదటి చోటే ముద్దైతే తప్పు మీ యాప్‌ది. ఎక్స్‌ప్రెస్ (జావాస్క్రిప్ట్ సర్వర్ ఫ్రేమ్‌వర్క్) వాడుతుంటే కంప్రెషన్ మిడిల్‌వేర్‌ను అనుమానించండి. జిప్ చేయడానికి అది ముక్కల్ని పోగేస్తుంది. ఈ రూట్‌ను దాన్నుంచి తప్పించండి, లేదా ప్రతి రైట్ తర్వాత ఫ్లష్ పిలవండి. రెండో చోటైతే ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ_బఫరింగ్. అది మొదట్నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. సైటు మొత్తానికి ఆపేయకుండా, ఈ ఒక్క జవాబు హెడర్లలో ఎక్స్-యాక్సెల్-బఫరింగ్ విలువ ‘నో’ అని పంపితే చాలు. మూడో చోటైతే మధ్యలో ఉన్న సీడీఎన్ (మీ సర్వర్‌కూ వాడకందారుకూ నడుమ నిలిచే సర్వర్ల వల) సంగతి చూడాలి. క్యాష్-కంట్రోల్‌లో నో-క్యాష్‌తో పాటు నో-ట్రాన్స్‌ఫార్మ్ కూడా రాసి చూడండి.

ఇది బాగయ్యాక ఇంకోటి బయటపడుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ_రీడ్_టైమవుట్ మామూలుగా 60 సెకన్లు. ఏజెంటు ఏదో టూల్ పిలిచి డెబ్బై సెకన్లు మౌనంగా కూర్చుంటే కనెక్షన్ తెగుతుంది. ప్రతి 15 సెకన్లకు ఒక చిన్న ఈవెంటు పంపుతూ ఉండండి. ఎస్ఎస్ఈలో (సర్వర్ నుంచి బ్రౌజర్‌కు ఒకవైపే ఈవెంట్లు పంపే పద్ధతి) కోలన్‌తో మొదలయ్యే కామెంట్ లైను పంపడం ఆనవాయితీ. టైమవుట్‌కు అది చాలు, కానీ ఈవెంట్‌సోర్స్ (ఎస్ఎస్ఈని చదివే బ్రౌజర్ భాగం) ఆ కామెంట్లను మీ జావాస్క్రిప్ట్‌కు చూపించదు. లైను బతికే ఉందా అని బ్రౌజర్ వైపు నుంచి కూడా కనిపెట్టాలంటే ‘పింగ్’ అని పేరున్న ఈవెంటే పంపాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా ఒక్క ఈవెంటూ అందకపోతే ప్రతి ఈవెంటు చివర ఖాళీ లైను ఉందో లేదో చూడండి. రెండో న్యూలైన్ పడకపోతే ఈవెంటు పూర్తయినట్టు బ్రౌజర్ లెక్కలోకి రాదు.

సిరొంచ నుంచి: తెలుగులోనూ మరాఠీలోనూ జవాబిచ్చే ఏజెంటు మాది. అప్పుడప్పుడు మాట మధ్యలో నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు వస్తోంది. ఇంగ్లీషులో ఎప్పుడూ రాదు. మళ్లీ అడిగితే అదే మాట మంచిగానే వస్తోంది.

తప్పు మోడల్‌ది కాదు, బైట్లను అక్షరాలుగా మార్చే డీకోడర్‌ది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు. తెలుగు, దేవనాగరి, ఒడియాల్లో ఒక్కో గుర్తుకూ 3 బైట్లు పడతాయి. రూపాయి గుర్తూ అంతే. ‘స్త్రీ’ అనే మాట తీసుకోండి. చూడటానికి ఒకే అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి 6 గుర్తులు, 18 బైట్లు. నెట్‌వర్క్ ముక్కలు కోసేటప్పుడు ఇది అక్షరమా, బైటా అని చూడదు. కోత 10వ బైటు తర్వాత పడితే రెండో పొల్లులో ఒక బైటు ఈ ముక్కలోనూ, రెండు బైట్లు వచ్చే ముక్కలోనూ ఉంటాయి. ఏ ముక్కకు ఆ ముక్కనే డీకోడ్ చేస్తే డైమండే గతి. మళ్లీ అడిగినప్పుడు బాగా రావడానికి కారణం కోత వేరే చోట పడటమే.

టెక్స్ట్‌డీకోడర్‌ను లూప్ బయట ఒక్కసారే సృష్టించండి. డీకోడ్ పిలిచిన ప్రతిసారీ స్ట్రీమ్ ఆప్షన్‌ను ట్రూ చేయండి. అప్పుడది మిగిలిపోయిన బైటును దాచుకుని తర్వాతి ముక్కతో కలుపుతుంది. ఆఖర్న ఏమీ ఇవ్వకుండా ఒకసారి డీకోడ్ పిలవండి. చాలా కోడ్‌లలో ఆప్షన్ పెట్టి ఉంటుంది కానీ డీకోడర్ లూప్ లోపల ప్రతి ముక్కకూ కొత్తగా పుడుతుంటుంది. దాచుకున్న బైటు పాత డీకోడర్‌తోనే పోయాక ఆప్షన్ ఉండి ఏం లాభం? ఇంకోమాట. ఫెచ్ ఇచ్చే ఒక ముక్క అంటే ఒక ఈవెంటు అని అనుకోకండి. ఒక ముక్కలో మూడున్నర ఈవెంట్లు ఉండొచ్చు. ఖాళీ లైను దగ్గర విడగొట్టి, మిగిలిన అరను తర్వాతి ముక్క ముందు అతికించాలి.

బైట్లు సరిపోయినా అక్షరం ఆడుతుంది. స వస్తుంది, ‘స్’ అవుతుంది, కింద త ఒత్తు చేరుతుంది, చివరికి ‘స్త్రీ’ అవుతుంది. చదివేవాళ్ల కళ్లు లాగుతాయి. దీనికి ఇంటెల్.సెగ్మెంటర్ (వచనాన్ని అక్షరాలుగా విడగొట్టే బ్రౌజర్ సదుపాయం) వాడమంటారు. తెలుగు, దేవనాగరి, ఒడియా సంయుక్తాక్షరాల్ని విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్ 15.1తో, అంటే 2023లో వచ్చింది. పాత బ్రౌజర్లున్న ఫోన్లలో అది ‘స్’, ‘త్’, ‘రీ’ అని మూడు ముక్కలే చేస్తుంది. మా మాట వింటే ఆఖరి మాటను ఖాళీ వచ్చేదాకా పట్టి ఉంచండి. స్ట్రీమ్ ముగిసినప్పుడు చేతిలో మిగిలింది వదలడం మాత్రం మరవకండి, లేకపోతే ప్రతి జవాబుకూ తోక తెగుతుంది.

చట్రం ఎత్తు కూడా ఇంగ్లీషు కొలతతో వేయకండి. మన ఒత్తులు కిందికి దిగుతాయి, లైన్-హైట్ 1.2 అయితే పై లైను ఒత్తు కింది లైను తలకట్టుకు తగులుతుంది. 1.6 దగ్గర మొదలుపెట్టండి. తెలుగు ముక్కకు లాంగ్ విలువ టీఈ, మరాఠీ ముక్కకు ఎంఆర్ అని రాస్తే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సరైన గొంతు ఎంచుకుంటుంది.

ధర్మాబాద్ నుంచి: మిర్చి ధర కార్డు నిండేటప్పుడు అంకె 1, 18, 182, 1820, 18200 అని పెరుగుతూ కనిపిస్తోంది. 1820 దగ్గర ఎవరో స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టారు, పెద్ద గొడవైంది.

అవుతుంది మరి. టూల్‌కు మోడల్ ఇచ్చే వివరాలు జేసన్ (పేరు, విలువ జతలుగా డేటా రాసే పద్ధతి) రూపంలో ముక్కముక్కలుగా వస్తాయి. తెరిచి ఉన్న కోట్ గుర్తులు, బ్రాకెట్లు తాత్కాలికంగా మూసి చదివే పార్సర్ మీ లైబ్రరీలో ఉండి ఉంటుంది, అందుకే సగం అంకె తెర మీదికొస్తోంది. సగం వాక్యం సగం వాక్యంలాగే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ మోసపోరు. సగం అంకె మాత్రం పూర్తి అంకెలా కనిపిస్తుంది. తేదీలూ ఫోను నంబర్లూ అంతే. కొన్ని మాటలు ఇంకా ఘోరం: ‘లభ్యం కాదు’ అనేది సగంలో ‘లభ్యం’.

అంకెల, తేదీల, స్థితి చెప్పే మాటల గడిని దాని తర్వాత కామా గానీ మూసే బ్రాకెట్ గానీ వచ్చేదాకా చూపకండి. పట్టిక అయితే వరుసను ప్రమాణంగా పెట్టుకోండి. రెండో వరుస మొదలైతే మొదటిది పూర్తయినట్టే, దాన్ని వేసేయొచ్చు. పది వరుసల పట్టిక ఇలా ఒక్కో వరుసగా దిగుతుంటే చూడముచ్చటగానూ ఉంటుంది. వర్సెల్ ఏఐ ఎస్‌డీకే 5 (ఏఐ యాప్‌లు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) వాడుతున్నవాళ్లకు టూల్ భాగానికి స్థితులు ఉన్నాయి: ఇన్‌పుట్-స్ట్రీమింగ్, ఇన్‌పుట్-అవైలబుల్, అవుట్‌పుట్-అవైలబుల్, అవుట్‌పుట్-ఎర్రర్. డబ్బున్న కార్డు మొదటి స్థితిలో చట్రంగానే ఉండాలి.

అసలు ప్రశ్న వేరే ఉంది. ధరను మోడల్ ఎందుకు టైపు చేయాలి? మోడల్ ‘ఏ మార్కెట్, ఏ రకం, ఏ తేదీ’ అని అడిగితే చాలు. ధరను మీ సర్వర్ డేటాబేస్ నుంచి తీసి టూల్ ఫలితంగా నేరుగా కార్డుకే పంపాలి. అంకె మోడల్ చేతిలో పడి బయటికి రాకపోతే సగం అంకె సమస్యా ఉండదు, తప్పు అంకె భయమూ ఉండదు. ఈ ఒక్క మార్పు చేస్తే పై రెండు పేరాలు మీకు సగం అనవసరం.

అంకెను 18200 అని ఉత్తగానే పంపండి. 18,200 అని కామాతో రాస్తే జేసన్ విరిగిపోతుంది. కామాలు పెట్టే పని ఇంటెల్.నంబర్‌ఫార్మాట్‌ది. భాషను టీఈ-ఐఎన్ అంటే లక్షల లెక్కన కామాలు వస్తాయి. ఎంఆర్-ఐఎన్ అంటే మాత్రం అంకెలు కూడా దేవనాగరిలోకి మారిపోతాయి. మీ మరాఠీ రైతులకు అది బాగుంటే సరే, మామూలు అంకెలే కావాలంటే ఎంఆర్-ఐఎన్-యు-ఎన్‌యు-లాటిన్ అనే రూపం వాడండి (చివరి మాట కోడ్‌లో నాలుగక్షరాలే, ఎల్ఏటీఎన్).

బల్లార్‌పూర్ నుంచి: జవాబు ఇలా ముక్కలుగా పంపడానికి వెబ్‌సాకెట్ (రెండువైపులా ఒకేసారి పంపుకునే కనెక్షన్) కావాలా?

వద్దు. మనిషి ఒకసారి అడుగుతాడు, జవాబు ఒకవైపే ప్రవహిస్తుంది. ఎస్ఎస్ఈ చాలు. మైకు నుంచి గొంతు పంపుతూ అదే సమయంలో గొంతు వినాలంటే అప్పుడు వెబ్‌సాకెట్ గానీ వెబ్ఆర్‌టీసీ గానీ చూడండి. ఒక్క జాగ్రత్త: హెచ్‌టీటీపీ 1.1 మీద బ్రౌజర్లు ఒక సైటుకు 6 కనెక్షన్లే ఇస్తాయి. ఏడో ట్యాబులో అంతా బిగుసుకుపోతే కారణం అదే. హెచ్‌టీటీపీ 2కు మారండి.

బరంపురం నుంచి: ఏజెంటు ఫారం చూపించాక కింద ఇంకా మాటలు వస్తుంటాయి. ఈలోగా పేరు గడిలో టైపు చేస్తే రెండు అక్షరాలకే కర్సర్ ఎగిరిపోతోంది, ఒక్కోసారి రాసింది కూడా మాయమవుతోంది. రియాక్ట్ (తెర భాగాలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) వాడుతున్నాం.

కొత్త ముక్క వచ్చిన ప్రతిసారీ మీ ఫారం చచ్చి మళ్లీ పుడుతోంది. కీ (ఒక్కో భాగాన్ని రియాక్ట్ గుర్తుపట్టే పేరు) ఏమిచ్చారో చూడండి. వరుస సంఖ్య ఇచ్చి ఉంటే, మధ్యలో ఒక భాగం చేరగానే సంఖ్యలు జరిగి రియాక్ట్ దాన్ని వేరే ఫారం అనుకుంటుంది. టూల్ కాల్ ఐడీని కీగా పెట్టండి, అది మొదటి నుంచి చివరిదాకా మారదు. కీ సరిగానే ఉంటే ఫారం కాంపొనెంట్‌ను ఇంకో కాంపొనెంట్ ఫంక్షన్ లోపల నిర్వచించారేమో వెతకండి. అలా చేస్తే ప్రతి రెండర్‌కూ అది కొత్త రకం అవుతుంది, కీ ఎంత బాగున్నా లాభం లేదు.

ఏజెంటు ఇచ్చే ముందస్తు విలువల్ని వివరాలు పూర్తిగా వచ్చాక ఒక్కసారే నింపండి. మనిషి చేయి పెట్టిన గడి జోలికి తర్వాత ఏజెంటు రాకూడదు. తెలుగు టైపింగ్‌లో ఇంకో చిక్కుంది. లిప్యంతరీకరణ కీబోర్డుతో రాసేటప్పుడు మాట పూర్తయ్యేదాకా కంపోజిషన్ నడుస్తుంటుంది. ఆ మధ్యలో గడి విలువను బయటినుంచి తిరగరాస్తే ‘రామ’ కాస్తా ‘రరామ’ అవుతుంది. కంపోజిషన్‌స్టార్ట్ నుంచి కంపోజిషన్‌ఎండ్ దాకా ఆ గడిని ముట్టుకోకండి.

పంపు బటన్‌ను స్ట్రీమ్ ముగిసేదాకా నొక్కనివ్వకండి. తక్కువ ధర ఫోన్లలో వేడెక్కి నెమ్మదిస్తోందంటే ప్రతి ముక్కకూ రెండర్ చేయకుండా 50 మిల్లీసెకన్లకోసారి కూడగట్టి చేయండి. కంటికి తేడా తెలియదు.

గుణుపురం నుంచి: మా వాడకందార్లలో సగంమంది బస్సులో, ఘాట్ రోడ్ల మీద ఉంటారు. సిగ్నల్ పోయి వస్తే జవాబు సగంలో ఆగిపోతోంది. మళ్లీ అడిగితే ఏజెంటు మొదటినుంచి మొదలెట్టి ఒకే సీటు రెండుసార్లు బుక్ చేసింది.

రెండుసార్లు బుక్ అవడమే పెద్ద తప్పు, దాన్ని ముందు ఆపండి. అభ్యర్థనకు బ్రౌజర్‌లోనే ఒక ఐడీ పుట్టించి పంపండి. అదే ఐడీతో రెండోసారి వస్తే సర్వర్ కొత్త బుకింగ్ చేయకుండా పాత ఫలితమే తిరిగివ్వాలి.

ఏజెంటు పరుగును కనెక్షన్‌కు ముడివేయడం వల్లే ఇదంతా. పరుగు సర్వర్‌లో దానిపాటికది నడవాలి. పుట్టే ప్రతి ఈవెంటుకూ వరుస సంఖ్య వేసి రెడిస్ స్ట్రీమ్ (ఈవెంట్లను వరుసగా దాచే నిల్వ) లాంటి దాంట్లో రాయాలి, బ్రౌజర్‌కు పంపేది అక్కడినుంచి. ఫోను తిరిగొచ్చి ‘నాకు 41 దాకా అందాయి’ అంటే 42 నుంచి ఇస్తారు. ఈవెంట్‌సోర్స్ వాడితే లాస్ట్-ఈవెంట్-ఐడీ హెడర్‌ను బ్రౌజరే పంపుతుంది. కానీ అది గెట్ అభ్యర్థనలే చేస్తుంది, ఆథరైజేషన్ హెడర్ పెట్టనివ్వదు. అందుకే చాలామంది పోస్ట్‌తో ఫెచ్ వాడతారు, అలాంటప్పుడు ఈ సంఖ్య గుర్తుపెట్టుకునే పని మీదే. 41 రెండుసార్లు వచ్చినా బ్రౌజర్ ఒకసారే వాడుకోవాలి.

సిగ్నల్ ఉన్నట్టే చూపిస్తూ లైను చచ్చిపోవడం ఘాట్‌లో మామూలే. నావిగేటర్.ఆన్‌లైన్ మాట నమ్మకండి. పైన రాయగడ జవాబులో చెప్పిన 15 సెకన్ల పింగ్ పెడితే, 40 సెకన్లు ఏమీ రాకపోతే మీరే తెంచి మళ్లీ కలపండి: 1 సెకను, 2, 4 అలా 30 దాకా, ప్రతిదానికీ కాస్త అటూ ఇటూ తేడాతో. ఆ తేడా ఎందుకంటే, బస్సు మలుపు తిరగ్గానే అందరి ఫోన్లూ ఒక్క క్షణంలో మీ సర్వర్ మీద పడకుండా. జేబులో పెట్టిన ఫోను తీసినప్పుడు విజిబిలిటీచేంజ్ ఈవెంటు వస్తుంది, అప్పుడు వెంటనే కలపండి.

ఇలా చేశాక ‘ఆపు’ బటన్ పనిచేయడం మానేస్తుంది. కనెక్షన్ తెగడం అంటే ఆపమని కాదని సర్వర్‌కు ఇప్పుడే కదా నేర్పారు. ఆపడానికి విడిగా ఒక అడ్రసు పెట్టి, అది మోడల్ పిలుపును నిజంగా రద్దు చేసేలా చూడండి. లేకపోతే తెర మీద ఆగినా బిల్లు ఆగదు.

జయపురం నుంచి: పాత పాఠం ఒకటి చూసి స్ట్రీమ్‌యూఐతో సర్వర్ నుంచే రియాక్ట్ కాంపొనెంట్లు పంపుతున్నాం. కొనసాగించొచ్చా?

కొత్త పనికి వద్దు. ఏఐ ఎస్‌డీకేలోని ఆ ఆర్ఎస్‌సీ (సర్వర్‌లోనే తయారయ్యే రియాక్ట్ కాంపొనెంట్ల) భాగాన్ని తయారుచేసినవాళ్లే ప్రయోగదశ అని చెప్పి, అసలు వాడకానికి ఎస్‌డీకే యూఐ వైపు రమ్మంటున్నారు. మారడం అనుకున్నంత కష్టం కాదు. సర్వర్‌లో జనరేట్ అనే ఫంక్షన్‌లో కాంపొనెంట్ తిరిగిచ్చే చోట ఇకపై డేటా తిరిగివ్వండి. ఆ కాంపొనెంట్‌ను బ్రౌజర్ వైపుకు జరిపి, యూజ్‌చాట్ (ఎస్‌డీకే యూఐలోని చాట్ ఫంక్షన్) ఇచ్చే మెసేజ్ పార్ట్స్ మీద తిరుగుతూ టూల్ పేరును బట్టి పెట్టండి. ఒక్క కార్డుతో మొదలుపెట్టి, పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి చూసి, తర్వాత మిగతావి జరపండి.